తోడికోడలి కొట్టు బోర్డు

3, మంగళవారం. ఉదయం 8.
సన్న రంపం మిషన్ వచ్చింది. మరిది పోయిన రెండేళ్లకి నా తోడికోడలు కుట్టు కొట్టు తెరుస్తోంది, శుక్రవారమే. బోర్డు రాయడానికొచ్చిన పెయింటర్ని నేనే పంపేశాను. "కుట్టు" అని రెండక్షరాలు చెక్కలో కోసి ఇస్తాను. ముందు మెత్తటి చెక్క మీద చెయ్యి తిప్పుకోండి టీచరమ్మా అన్నాడు వీధి చివరి వడ్రంగి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదానికి చెక్క ఓ లెక్కా!

11:30.
చెక్క ఎంత మందం అన్నాడు బ్లేడ్ల షాపువాడు. ఇంకా కొనలేదని చెప్పడం నామోషీ. అన్నిటికన్నా సన్నవి డజను తీసుకున్నాను. తరవాత టేకు, అంగుళం మందం. మనకి నాసిరకం పనికిరాదు.

4, బుధవారం.
విరిగిన బ్లేడ్లు: ఏడు. బ్లేడ్లా అవి, వెంట్రుకలు. మన అక్షరాలూ తక్కువవి కావు, తిన్నని గీత ఒక్కటి లేదు.

సాయంత్రం 4.
చెక్క కప్పలా ఎగురుతోంది. దారినపోతూ వడ్రంగి తొంగిచూశాడు. బ్లేడు పళ్లు కిందికి ఉండాలట, నేను పైకి బిగించానట. తలుపు తీసి ఉంచడం నా బుద్ధితక్కువ.

5, గురువారం.
టేకుకి సెలవు. ప్లైవుడ్, లావు బ్లేడు. జోరుగా తెగింది. అంచులు ఎలక కొరికినట్టున్నాయి. దూరం నుంచి ఎవడికి కనిపిస్తాయి? ట వత్తు మెడ దగ్గర విరిగింది. జిగురు పెట్టాను.

6, శుక్రవారం.
బోర్డు ఎక్కింది. మొదట వచ్చినామె తలుపు గట్టిగా వేసింది. వత్తు ఊడి గుమ్మంలో పడింది. పైన మిగిలింది "కుటు". ఆవిడ నవ్వింది, రోడ్డు మీదివాళ్లూ నవ్వారు. నేను లోపలికెళ్లి గుడ్డ తానుల చాటున నిలబడ్డాను.
తోడికోడలు వెతుక్కుంటూ వచ్చింది. పెయింటర్ని పిలిపిస్తానన్నాను.
"వద్దక్కా. నా కొట్టు కోసం చేతులు కోసుకున్నది నువ్వొక్కదానివే."
వేళ్ల కట్లు వెనక్కి దాచుకున్నాను. ఆమె చెక్కకి నాలుగు చిల్లులు పెట్టించి, వత్తుని నల్లదారంతో బోర్డుకి కుట్టేసింది. నా పనిలో నిలిచింది అదొక్కటే. ఇంటికొచ్చి రంపం మిషన్‌ని అటక ఎక్కించేశాను.

7, శనివారం. ఉదయం 9.
వడ్రంగి దగ్గరికి వెళ్లాను, నా అంతట నేనే. రాసుకున్నవి: మెత్తటి చెక్క, పల్చనిది. మధ్యరకం బ్లేడు. పళ్లు కిందికి. వారం పాటు గీతలే, అక్షరాల జోలికి పోకూడదు.
సరే అన్నాను. మిషన్ దింపించాను.

10:15.
తోడికోడలి పక్క కొట్టాయన తనకీ బోర్డు కావాలన్నాడు. "ఇస్త్రీ" అట. ఒక్క అక్షరానికి రెండు వత్తులు.
సోమవారానికి ఇస్తానన్నాను.