రాజమల్లు కాక దుకాణానికి తాళం

కాకా,

నీ దుకాణానికి మున్సిపల్ లైసెన్సుల అధికారి నిన్న తాళం వేశాడు. నువ్వు పోయాక చిన్నమ్మే కార్మికుల క్వార్టర్లలో కుళాయిలు, ఫ్యాన్లు బాగుచేస్తోంది. అంతా నువ్వు నేర్పిన పనే. లైసెన్సు ఇంకా నీ పేరు మీదే ఉంది. తన పేరుకు మార్చమని ఆమె ఆఫీసు చుట్టూ ఎన్నోసార్లు తిరిగింది. నిన్న నేనూ వెంట ఉన్నాను.

"పాతాయన వచ్చి సంతకం పెట్టాలె," అన్నాడు అధికారి.

"గోదారి ఒడ్డున కాలబెట్టినం సారూ. బూడిద తెచ్చి సంతకం పెట్టియ్యమంటవా?" అంది చిన్నమ్మ.

"నాతోనే ఎకసెక్కమా?" అని లేచి వచ్చి తాళం వేశాడు. నీ పానాలు, పనిముట్లన్నీ లోపలే ఉండిపోయాయి. చిన్నమ్మ వాటికి తుప్పు పడుతుందనే అంటోంది.

పనిచేసే చేతిని నేరస్తురాలిని చేసే రూలు ఎవడి కోసం కాకా? రాత్రి షిఫ్టు దిగినవాళ్లు పగలు ఫ్యాన్ లేక నిద్రపోలేకపోతున్నారు. ఇల్లిల్లూ తిరిగి అందరికీ చెప్పాను, నీకూ చెబుతున్నాను: తిరగని ఫ్యాన్లు, కారే కుళాయిలు తెచ్చి ఆ అధికారి బల్లమీద పెడదాం, ఆయన్నే బాగుచేయమందాం. రేపు పొద్దున పది గంటలకు మున్సిపల్ ఆఫీసు ముందుకు అందరూ రండి!