ఆపరేషన్ గదిలోకి తోడు

అమ్మా,

నీ కంటి ఆపరేషన్‌కు మా ఆసుపత్రిలో చోటు దొరికింది, వెంటనే నీ మాట కావాలి, అందుకే ఈ కార్డు. ఒంటరిగా లోపలికి పోనన్న నీ పంతం ఇక వదులుకోవచ్చు. ఇక్కడ విచారణ బల్ల దగ్గర నా పక్కనే సలహాల పెట్టె ఉంది. అందులో సాలెపురుగు తప్ప ఎవరూ కాపురం పెట్టలేదు. అందుకని వచ్చినవాళ్లను ఏం కావాలో నేనే అడగడం మొదలుపెట్టాను. ఒక ముసలమ్మ, "పెట్టెకు చెబితే పలుకుతుందా తల్లీ? లోపల పట్టుకోవడానికి నా మనిషి చెయ్యి కావాలి, అంతే" అంది. నీ గొంతే విన్నట్టయింది. చాలామంది అదే అన్నారు. పెద్ద డాక్టరమ్మకు చెప్పాను. సోమవారం నుంచి ఒకరిని తోడు రానిస్తున్నారు. ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లింది. మర్నాడు కట్టు విప్పాక నన్ను చూసి, "గొంతు విని అందగత్తెవనుకున్నానే" అంది. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

నీ చెయ్యి నేను పట్టుకుంటాను. నాన్న మోకాలి మందు మేకకు రాయడం మానేశాడా? చెల్లి బడి మానడం లేదు కదా? పోస్టుమాన్ బాబాయ్, ఇదంతా అమ్మకు గట్టిగా చదివి, జవాబు నువ్వే రాసిపెట్టు. ఇంట్లో పెద్దలందరికీ నా దండాలు. చోటు పదో తేదీ దాకే ఆపుతారు. ఆలోగా వస్తానని ఒక్క ముక్క అందితే చాలు.

నీ పెద్దపిల్ల