చేసినవాడు లేని వాక్యాలు

ఫాల్గుణ బహుళ తదియ
భోపాల్‌పట్నం, బస్తరు సంస్థానం

చేసినవాడి ఊసు లేని వాక్యాలు పోగుచేస్తున్నాను, 'తలుపు తెరుచుకుంది' వంటివి. రంగూన్‌లో ఉన్న మిత్రుడు అక్కడి చీనావాళ్ళ దగ్గర విని రాసి పంపిన మాటల్లోనూ ఇంతే. తలుపు ఉంటుంది, తెరిచిన చేయి ఉండదు.

సాయంత్రం పొరుగింటి ముత్తయ్యను అడిగాను, వాళ్ళ దొర్లి భాషలో ఇలాంటివి ఎలా అంటారని. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టాడని మొన్ననే అతని కొడుకును అడవి కాపలా జవాను గుంజకు కట్టి కొట్టాడు. ముత్తయ్య ఆ సంగతి ఎత్తలేదు. చుట్ట చుట్టుకుంటూ తన భాషలో చెప్పి, నా కోసం తెలుగులోనూ అన్నాడు.

"ఆకు కాలింది. కంచె కాలింది. జవాను గుడిసె కాలింది."

రాస్తున్న చేయి ఆగింది. ఇందాక ఇంటికి వచ్చేటప్పుడు చూశాను, ఆ గుడిసె ముందు జవాను భార్య బియ్యం చెరుగుతోంది.

"గుడిసె బాగానే ఉంది కదా ముత్తయ్యా?"

"ఉన్నది పంతులూ. నువ్వు రాసుకో."

జవానుకు చెప్పాలి. ఎవరు కాలుస్తారని అడుగుతాడు. ముత్తయ్య పేరు చెబితే ఈసారి గుంజకు కట్టేది అతన్నే. చెప్పకపోతే...

ఇందాకటి నుంచి కాలుతున్న వాసన. ఈ నెలలో మామూలే, ఆకే అయి ఉంటుంది.

లేచి కిటికీ మూశాను. అది మాత్రం నేనే మూశాను.