కుర్చీలోంచి నడిచిన కొండదారి

నల్లగండ్ల,
12 సెప్టెంబరు 2025, శుక్రవారం.

గౌరవనీయులైన సాల్మన్ బాబాయి గారికి,

మీ అన్నగారి అమ్మాయి రెబెక్కా వందనాలతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను క్షేమం. మీరూ పిన్నిగారూ సంఘస్థులందరూ ఆయన కాపుదలలో ఉన్నారని తలుస్తాను. పిన్ని షుగరు మాత్రలు ఎగ్గొట్టకుండా చూడండి.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని విసుక్కోకండి. నిన్న మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మీరు స్పీకర్ పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళందరిచేతా నాకు శుభాకాంక్షలు చెప్పించారు తప్ప నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు. అందుకే కొరియర్‌లో పంపిస్తున్నాను. మీరొక్కరే చదవండి.

ఇరవై ఎనిమిదో తారీఖు మన చర్చి ఆరాధనలో నేను సాక్ష్యం చెప్పను. చెప్పనంటే చెప్పను. ఆ కొండదారి నేను నడవలేదు బాబాయి గారూ. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

అసలు సంగతి వినండి. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఎవ్రార్డ్ అని ఒక మఠాధిపతి ఉండేవారట. రాజు ఏదో దానపత్రం మీద సాక్షి సంతకం పెట్టమన్నాడట. నేను కళ్ళతో చూడని దానికి పెట్టనన్నారట ఈయన. మఠంలోంచి గెంటేస్తే శిష్యుల్ని వెంటేసుకుని ఆల్ప్స్ కొండలు దాటారట. ఆయన ఆగిన ఊళ్ళన్నీ కలిపి అక్కడివాళ్ళు ఇప్పుడు యాత్రామార్గం చేశారు. ఇరవై ఆరు మజిలీలు. ఒక్కో మజిలీ చేరగానే ఫోన్లో ఒక ముద్ర పడుతుంది. అన్ని ముద్రలూ పడితే యోగ్యతాపత్రం పంపిస్తారు.

ఆ ఫోన్ యాప్ చేసింది మాదాపూర్‌లో మా ఆఫీసు. అందులో తప్పులు పట్టడం నా ఉద్యోగం. నేను కొండమీదే ఉన్నానని ఫోన్‌ని నమ్మించి, ఏసీ కింద కూర్చుని సమోసా తింటూ ముద్రలు పడుతున్నాయో లేదో చూస్తాను. అలా ఇరవై ఆరూ పడ్డాయి. ఆ దొంగ లెక్కలు చెరిపెయ్యకుండానే మావాళ్ళు యాప్‌ని అసలు జనం మీదకి వదిలేశారు. ఇంకేముంది! దారంతా పూర్తిచేసిన మొట్టమొదటి యాత్రికురాలు హైదరాబాద్ రెబెక్కా అని ఆ దేశంవాళ్ళు సంబరపడి, పత్రం ఫ్రేము కట్టించి పంపారు, వాళ్ళ ఇంటర్నెట్ పేజీలో వేశారు. మీరు చూసింది అదే.

చూసి ఊరుకున్నారా? చర్చి గేటుకి ఫ్లెక్సీ కట్టించారు. నా వెనకాల మంచుకొండలు, నా ఒంటిమీద పిన్ని చెల్లెలి పెళ్ళినాటి పట్టుచీర! పట్టుచీరతో ఆల్ప్స్ ఎక్కానంటే నమ్మిన మన సంఘానికి నిజంగా ఓ దండం. ఎప్పుడెళ్ళావమ్మా అని నన్నొక్క మాట అడిగారా మీరు?

ఇక్కడా అదే గొడవ. మా మేనేజర్ జశ్వంత్ మూడు రోజులుగా నా చుట్టూ తిరుగుతున్నాడు. జర నవ్వుకుంట ఆ పత్రం పట్టుకుని ఒక్క వీడియో ఇస్తే ఏం పోతది, అంత దూరం నుంచి ఎవడొచ్చి చూస్తడు, వాళ్ళు ఖుషీగ ఉంటే వచ్చే ఏడాది పని గూడ మనకే ఇస్తరు అంటాడు. ఇవ్వనన్నాను. సోమవారం దాకా ఆలోచించుకోమన్నాడు. అంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సోమవారం తేలుతుందన్నమాట. ఊడితే ఊడనీ. చెరపాల్సినవాళ్ళు చెరపకపోతే నేనెందుకు తల దించుకోవాలి?

నేను చేసిన పని చెప్పమనండి, గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతాను. పదిహేడో మజిలీ దగ్గర వంతెన ఎప్పుడో కూలిపోయింది. మా పటం మాత్రం మనిషిని తిన్నగా ఆ లోయలోకే నడిపించేది. పట్టుకున్నది నేను. సరిచేసేదాకా యాప్ వదలొద్దని పోట్లాడింది కూడా నేనే. దానికి ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు, నాకు అక్కర్లేదు కూడా.

మీ మాట పోతుందని తెలుసు. నాన్న పోయాక ఫీజులు కట్టి చదివించిన మనిషి మీరు. సంఘం ముందు మీరు చిన్నబోతే నాకూ చిన్నతనమే. అయినా ప్రభువు నా పాదాలు తొట్రిల్లనియ్యలేదని, కదలని పాదాల గురించి చర్చిలో ప్రసంగ బల్ల దగ్గర నిలబడి ఎలా చెప్పమంటారు? అబద్ధ సాక్ష్యం పలకరాదని సండేస్కూల్లో నాకు నేర్పింది మీరే కదా. ఫ్లెక్సీ విప్పించండి. కోపమొస్తే నన్ను తిట్టండి, పడతాను.

ఇట్లు,
మీ మొండి బిడ్డ
రెబెక్కా

తా.క. పైన కోపంలో రాసినదాంట్లో ఒకటి నిజం కాదు. కొట్టేసి మళ్ళీ రాద్దామనుకుని, ఉంచేశాను. మా ఆఫీసులో పరీక్షకి సొంత పేరు వాడకూడదు, టెస్ట్ ఏడు అనో ఎనిమిదో పెట్టాలి. పన్నెండేళ్ళుగా అలాగే పెట్టాను. ఈసారి నా పేరే పెట్టాను. ఇరవై ఆరో ముద్ర పడి, తెర మీద అభినందనలు రెబెక్కా అని వస్తే, సీట్లోనే వెక్కివెక్కి ఏడ్చాను. పరీక్ష లెక్కలన్నీ చెరిపేశావా అని జశ్వంత్ అడిగాడు. చెరిపేశానన్నాను. చెరపలేదు, చేతులు రాలేదు. తప్పు వాళ్ళది కాదు, నాది. ఈ పొద్దున ఆ దేశంవాళ్ళకీ జశ్వంత్‌కీ ఇదంతా రాసి పంపేశాను. ఈ సాక్ష్యం చెప్పనిస్తానంటే పిలవండి, ఇరవై ఎనిమిదిన తప్పకుండా వస్తాను.