చదునైపోయిన సానరాయి

నాన్నా, గుండ్రటి ఉలికి ఇప్పుడే సానపట్టకు, నేను వచ్చేదాకా ఆగు. నువ్వు మెచ్చుకుంటావని నిన్న నీ సానరాయిని కిరోసిన్‌లో నానబెట్టి, జిడ్డూ మడ్డీ వదిలేదాకా తోమాను. మధ్యలో పల్లం కనిపిస్తే అరిగిపోయిందనుకున్నాను. ఉప్పుకాగితం మీద రెండు గంటలు రుద్ది పలకలా చదును చేసి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పొద్దున అమ్మ చూసి, “ఓసి నీ తెలివి మండా! అది గుండ్రటి ఉలి అంచు ఒదగడానికి మీ నాన్న ఏళ్ల తరబడి అరగదీసుకున్న గాడి కదే!” అంది. సాయంత్రానికల్లా నువ్వు ఆ ఉలితోనే తలుపు మీద లతలు చెక్కి ఇవ్వాలని కూడా అప్పుడే చెప్పింది. మీ పెద్దమేస్త్రి కాళ్లు పట్టుకునైనా గాడి ఉన్న రాయి అడిగి తెస్తాను. మధ్యాహ్నంలోగా వచ్చేస్తా.

నీ ఘనాపాఠి కూతురు

మరిచిపోయా: వచ్చాక తిట్టు. కానీ తిడుతూనే ఆ గాడి ఎలా చెయ్యాలో నేర్పు. నాకు చెరపడం ఒక్కటే వచ్చింది.