ఆగిన బస్సు

వరంగల్, 14-8-1979
ముసురు పట్టింది. పొద్దున సరోజన గౌను ఉతికి ఆరేశాను.

చెల్లె చిలుకమ్మకు,

చదువుకోసం నా దగ్గర ఉంచిన నీ బిడ్డ సరోజనను, నిన్న బడికి పోతూ రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. కాలు విరిగింది. ప్రాణభయం లేదని ఇక్కడ వరంగల్ దవాఖానలో చెప్పారు.

మా ఊరు రఘునాథపల్లిలో అందరూ లారీ డ్రైవర్‌ను తిడుతున్నారు. నేనూ తిట్టాను. కానీ బస్సు ఆగినప్పుడు దాని ముందు నుంచి దాటమని, డ్రైవర్ చూస్తాడని నేర్పింది నేనే. ఆ బస్సును దాటుకుని లారీ వస్తుందని నాకు తోచలేదు.

"జర చూసుకొని దాటాలె గదా బిడ్డా!" అని దవాఖాన నర్సమ్మ మందలించింది.

సరోజన నా వైపు చూసింది. "మామా, నువ్ చెప్పినట్టే దాటిన గదా! తప్పెక్కడ జేసిన?"

నేను దాని దుప్పటి సరిచేసి బయటికి వచ్చాను. ఈ ఉత్తరం డబ్బాలో వేయకముందే పోయి, తప్పు నాదని దానికి చెబుతాను.

నీ అన్న