నీడలో ఆరేసిన బట్టలు

మహబూబాబాద్,
అక్టోబరు 2011

బిడ్డా సింధూ,

సమ్మెలో బస్సులు బందై, దొరికిన రైలెక్కే తొందరలో నువ్వు ఇక్కడే మరిచిపోయిన జియు-జిట్సు కుస్తీ బట్టలు ఉతికాను. జేబులుంటే ఎదుటివాళ్ల వేళ్లు ఇరుక్కుంటాయని, ఒంటికి అతుక్కునే బనీనూ లాగూ మాత్రమే కావాలని నువ్వంటే నేను ఎదురు చెప్పలేదు. ఆడపిల్లల బట్టల మీద పెత్తనం ఎవడిచ్చాడని కరపత్రాలు వేసినవాణ్ని, ఎట్లా చెబుతాను?

నీడలో ఆరేయమన్నావు. లోపలి గదిలో తలుపేసి ఆరేశాను. రెండు రోజులకు ముక్కిన వాసన పట్టాయి. వాసనొస్తే ఆదివారం పోటీలో దింపరని నువ్వే అన్నావు, నీకున్నది ఈ ఒక్క జతే. "తలుపెందుకేసినవ్? వేపచెట్టు కింద లేదా నీడ?" అని మీ అమ్మ అడిగింది. ఊరందరితో వాదించే నేను ఆ బట్టలు తీసి బకెట్లో వేశాను.

మళ్లీ ఉతికి చెట్టు కిందే ఆరేశాను. వాసన పోయింది. రేపు మీ కిషన్ మామ తెచ్చిస్తాడు.

కానీ పక్కింటి దామోదర్ గోడ మీంచి చూసి, "గవి ఎవరియన్నా?" అన్నాడు. నిన్న ధర్నా టెంటులో ఆడవాళ్ల హక్కుల మీద నేను నోరు మూయించిన మనిషే.

"నావే" అన్నాను.

ఆ బనీను నా చేతికి కూడా పట్టదు. నా బిడ్డవి అనడానికి నోరెందుకు రాలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

నీ బాపు